ఒకే వర్ణపు ప్రదర్శనము: మన సీమ ఎఱుపు కథ

ఇటీవలి కాలమున చిత్రకళా ప్రదర్శనములు ఒక క్రొత్త రూపమును దాల్చినవి. వానికి మందిరము లేదు, గోడలు లేవు, ద్వారమున నిలుచు కావలివాడును లేడు. నిర్వాహకులు ఒక రంగును మాత్రము విషయముగా ప్రకటింతురు. ఒక మాసము నీలము, మరియొక మాసము పసుపు, వేరొకప్పుడు ఎఱుపు. నానా దేశముల చిత్రకారులు తమ కృతుల ఛాయాచిత్రములను అంతర్జాలము ద్వారా పంపుదురు. నిర్ణేతలు కొందరు తమ తమ ఇండ్లలోనే కూర్చుండి, ఆ చిత్రములను తెరపై చూచి, మేలైన వానిని ఏరి, బహుమతులను ప్రకటింతురు. ప్రేక్షకుడు తిరుత్తణిలో నున్నను, టోక్యోలో నున్నను, ఆ ప్రదర్శనమును ఒకే క్షణమున చూడవచ్చును.

మన పిల్లలలో చిత్రలేఖనము నేర్చినవారు ఇట్టి ప్రదర్శనములలో పాల్గొనుట మిక్కిలి సంతోషింపదగిన విషయము. అయితే వారు, "ఒకే రంగు మీద పోటీయట! ఎంత వింత!" అని మురియుచుండగా మాకొక ఆలోచన కలిగినది. ఈ వింత మన సీమకు నిజముగా క్రొత్తదియేనా? ఒక్క రంగును నమ్ముకొని బ్రదికిన ఊళ్లు మన జిల్లాలో లేవా? ఆ రంగును మెచ్చి, కొలిచి, వెలకట్టిన నిర్ణేతలు మన తీరమునకు రాలేదా? ఈ వ్యాసమున ఆ కథను చెప్పుకొందము. ఆ రంగు ఎఱుపు.

మొదట ఐరోపా మాట. 1921వ సంవత్సరమున మాస్కో నగరమున రోద్చెన్కో అను చిత్రకారుడు మూడు పటములను ప్రదర్శించెను. ఒకదానిలో ఎఱుపు, ఒకదానిలో పసుపు, ఒకదానిలో నీలము. అంతకు మించి వానిలో నేమియు లేదు. చిత్రకళ ఇక్కడితో ముగిసినదని ఆయన భావము. 1957లో ఇటలీ దేశపు మిలాను నగరమున ఈవ్ క్లైన్ అను ఫ్రెంచి చిత్రకారుడు కేవలము నీలపు పటములను పదునొకండింటిని వ్రేలాడదీసెను. ఒకరికి రంగు కళకు ముగింపుగా తోచినది. మరియొకరికి అదియే ఆరంభముగా తోచినది. ఈనాటి ఏకవర్ణ ప్రదర్శనములకు వీరిని పూర్వులుగా చెప్పుట పరిపాటి. ఆ మాటను మేము కాదనము. కాని వీరికి మున్నూరేండ్లకు పూర్వమే మన తూర్పు తీరపు ఎఱుపు సముద్రములు దాటినది.

మన తిరువళ్లూరు జిల్లా 1997వ సంవత్సరమున చెంగల్పట్టు జిల్లా నుండి వేఱై ఏర్పడినది. దాని ఈశాన్యపు కొసన పులికాటు రేవు గలదు. తమిళులు దానిని పళవేర్కాడు అందురు. మన పెద్దలు ప్రళయకావేరి అనిరి. పదునాఱవ శతాబ్దపు తొలిపాదమున ఈ తీరమును గూర్చి వ్రాసిన పోర్చుగీసు వర్తకుడు బార్బోసా, ఇచ్చటి రంగు వస్త్రములు మలక్కాకును, పెగూకును, సుమత్రాకును ఎగుమతి యగుచుండెనని తెలిపెను. అప్పటికి ఇది విజయనగర సామ్రాజ్యపు రేవు. ఆ సామ్రాజ్యపు చివరి వంశమైన ఆరవీటి రాజులలో రెండవ వేంకటపతి రాయలు ఏలుచున్న దినములలో, 1610వ సంవత్సరమున, డచ్చివారు ఇచ్చట వర్తకమునకు అనుమతి సంపాదించిరి. 1613లో గెల్డ్రియా అను కోటను కట్టిరి. 1690లో నాగపట్టణమునకు తరలు వఱకును కోరమాండల్ తీరమున వారి ముఖ్యస్థానము ఇదియే.

దూరదేశపు డచ్చివారికి పులికాటుతో ఏమి పని? వారికి కావలసినవి జాజికాయ, జాపత్రి, లవంగము. అవి తూర్పు దీవులలో పండును. ఆ దీవుల ప్రజలు తమ సుగంధ ద్రవ్యములకు మారుగా కోరినది మన తీరపు వస్త్రము. కావున మన ఎఱ్ఱ వస్త్రము లేనిదే ఐరోపా వంటయింటికి జాజికాయ చేరుట కష్టమని చెప్పిన అతిశయోక్తి కాదు. ఒక చేదు సత్యమును గూడ ఇచ్చటనే చెప్పవలెను. ఆ రేవు నుండియే ఆ శతాబ్దమున బానిసలుగా అమ్ముడుపోయిన మనుష్యులును ఓడలెక్కిరి. చరిత్ర వ్రాయువారు రంగును మాత్రము చూచి రక్తమును మఱువరాదు.

ఇంతకును ఆ ఎఱుపు ఎచ్చటి నుండి వచ్చినది? ఒక వేరు నుండి. మనవారు దానిని చిరివేరు అందురు. తమిళులు శాయవేర్ అందురు. సముద్రతీరపు ఇసుక నేలలలో జానెడు ఎత్తు పెరుగు చిన్న మొక్క యది. పైకి చూచిన గడ్డిపరకలకన్న ఎక్కువ కాదు. దాని సంపద అంతయు నేలలోనే యున్నది. సన్నని పొడుగాటి వేరు ఇసుకలోనికి దిగి, తన బెరడులో ఎఱుపును దాచుకొనును. ఐరోపావారు మంజిష్ఠ జాతి మొక్క నుండి తీసిన ఎఱుపునకును, మన చిరివేరు ఎఱుపునకును మూలద్రవ్యము ఒక్కటియే. రసాయన శాస్త్రజ్ఞులు దానిని అలిజరిన్ అందురు. 1795లో వెలువడిన విలియం రాక్స్‌బరో వృక్షగ్రంథపు మొదటి సంపుటమున ఈ చిరివేరు మొక్క బొమ్మ గలదు. ఆయన సామర్లకోటలో నుండి తెలుగు సీమ మొక్కలను పరిశీలించిన వైద్యుడు.

వేరును ఉడికించి వస్త్రమును ముంచినంత మాత్రమున ఎఱుపు పట్టదు. పట్టినను మొదటి ఉతుకునకే పోవును. ఈ రహస్యమునే మన రంగరులు తరతరములుగా నేర్చినారు. గుడ్డను మొదట కరక్కాయ రసమును గేదెపాలును కలిపిన నీటిలో నానబెట్టి ఆరవేయుదురు. పాలలోని కొవ్వు వలన పైని వ్రాయు ద్రావణము చెదరక యుండును. పిమ్మట ఎఱుపు కావలసిన చోట పటిక నీటిని కలముతో అద్దుదురు. పటిక నీటికి తనదైన రంగు లేదు. చిత్రకారుడు తాను వ్రాసిన దానిని తానే సరిగా చూడలేడు. ఆరిన గుడ్డను కడిగి, వేరు వేసిన కాగులో మరిగించినప్పుడు, పటిక తగిలిన చోటునెల్ల ఎఱుపు మేల్కొనును. తగులని చోట అంటిన మసక ఉతుకులలోను ఎండలోను తొలగిపోవును. పటికకు మారుగా ఇనుపనీరు తగిలినచో అదే వేరు ఊదాయై, నలుపై పలుకును. వేరు ఒక్కటే, రంగును నిర్ణయించునది చేయి. నూలును ఎఱ్ఱవఱచు పద్ధతి వేఱు. దానికి నువ్వుల నూనె, బూడిద నీరు, గొఱ్ఱెపెంట మున్నగు వానితో నూలును దినముల తరబడి పదను చేయవలెను.

ఈ విద్యను తెలిసికొనుటకు పరదేశీయులు పడిన పాట్లు అన్నియిన్ని కావు. 1734లో పుదుచ్చేరియందు బోల్యూ అను ఫ్రెంచి నౌకాధికారి, అద్దకపు పనివారి దగ్గర కూర్చుండి, ఒక్కొక్క దశ ముగిసిన వెంటనే గుడ్డముక్కను కత్తిరించి కాగితములకు జతపఱచి వివరము వ్రాసికొనెను. 1742లో కేర్దూ అను ఫ్రెంచి పాదిరి ఇదే విద్యను గూర్చి తన దేశమునకు సుదీర్ఘమైన లేఖ వ్రాసెను. ఈ కేర్దూ మన తెలుగును చక్కగా నేర్చినవాడు, తెలుగు నిఘంటువును కూర్చినవాడు. సంస్కృతమునకును లాటిను గ్రీకు భాషలకును గల చుట్టరికమును 1767లోనే గుర్తించి వ్రాసినవాడు. మాటల వేళ్లను వెదకిన ఆ పండితుడే రంగు వేళ్లను గూడ వెదకినాడు. కాని చదువరులు ఒక విషయమును గమనింతురు గాక! బోల్యూ పేరు నిలిచినది. కేర్దూ పేరు నిలిచినది. వారికి ఆ విద్యను చెప్పిన రంగరుల పేళ్లు మనకు మిగులలేదు.

పులికాటు పేరు మాత్రము లోకమంతయు వ్యాపించినది. పులికాటు చేతిరుమాలు అనునది ఐరోపాలో ఎంత ప్రసిద్ధి పొందెననగా, స్కాట్లండు దేశపు నేతగాండ్రు దానిని అనుకరించి నేసి, ఆ గుడ్డకే పులికేట్ అని పేరు పెట్టుకొనిరి. మన ఊరి పేరు వారి భాషలో ఒక వస్త్రపు పేరైనది. 1785లో గ్లాస్గో నగరమున ఎఱుపు అద్దకమునకు కర్మశాల వెలసినది. దానికి విద్య నేర్పినవాడు పపియోన్ అను ఫ్రెంచి దేశీయుడు. మరియొక ప్రక్క, గళ్ల నేతగల మదరాసు చేతిరుమాళ్లు పడమటి ఆఫ్రికాకు పోయినవి. నైజర్ నది ముఖద్వారమున నివసించు కలబరి జాతివారికి అవి నేటికిని పెండ్లిలోను, చావులోను, పెద్దల స్మరణలోను తప్పనిసరి. ఆ గుడ్డలోని కొన్ని దారములను వారు ఒడుపుగా కోసి తీసివేసి, క్రొత్త ఆకృతులను సృజింతురు. ఒకరి కళ మరియొకరి చేతిలో ఇంకొక కళ యగుట ఎంత మనోహరము!

ఇక నిర్ణేతల కథకు వత్తము. 1851లో లండను నగరమున స్ఫటిక మందిరమున మహాప్రదర్శనము జరిగినది. అందు లోకమందలి వస్తువులన్నింటిని ముప్పది తరగతులుగా విభజించి, ఒక్కొక్క తరగతికి నిర్ణేతల సంఘము నేర్పఱచిరి. ఆ పద్ధతియే నాలుగేండ్లకు మదరాసునకు వచ్చినది. 1855లో లార్డు హారిస్ గవర్నరుగా నున్న కాలమున మదరాసు ప్రదర్శనము జరిగినది. రాజధానిలోని జిల్లాల నుండి ముడిసరకులు, చేతిపనులు, నేతలు, రంగులు తెప్పింపబడినవి. 1850లో మదరాసు కళాశాలను స్థాపించిన అలెగ్జాండర్ హంటర్, మదరాసు వస్తుప్రదర్శనశాలకు ఆదిపురుషుడైన ఎడ్వర్డ్ బాల్ఫోర్ మున్నగువారు ఆ కాలపు ప్రముఖులు. ముప్పది తరగతుల నిర్ణేతల నివేదికలును గ్రంథరూపమున అచ్చైనవి. మన దక్షిణదేశపు వస్తువులను గూర్చి ఇంత విస్తారమైన తీర్పు అంతకు మున్ను వెలువడలేదు.

ఆ నివేదికలు అమూల్యములు. అవి లేనిచో ఎన్నియో పనులను గూర్చి మనకు ఆధారమే యుండెడిది కాదు. అయినను ఆ తరగతుల ఏర్పాటును కొంత పరిశీలింపవలెను. లండను పట్టికలో అద్దకపు వస్త్రములు పదునెనిమిదవ తరగతి. శిల్పము మున్నగు లలితకళలు ముప్పదవ తరగతి. నడుమ పండ్రెండు మెట్లు! అనగా పటిక నీటితో కంటికి కనబడని బొమ్మను వ్రాసి, కాగులో దానిని ఎఱ్ఱగా మేల్కొలిపినవాని పని సరకు. కాన్వాసు పైని తైలవర్ణముతో వ్రాసినవాని పని కళ. సరకునకు ధర, కళకు సంతకము. 1873లో మదరాసున జరిగిన లలితకళా ప్రదర్శనమున రాజా రవివర్మ గవర్నరు బంగారు పతకమును పొందెను. దేశమంతయు ఆయన పేరు మ్రోగినది. అది న్యాయమే. అయితే అదే దశాబ్దములలో మన తీరమున చిరివేరు కాగుల ముందు నిలిచిన ఏ ఒక్కని పేరైనను మన పిల్లలు చెప్పగలరా? నేటికిని విదేశపు వస్తుప్రదర్శనశాలలలో మన తీరపు పూలతెరల క్రింద దేశము పేరు, శతాబ్దము పేరు ఉండును. చేసినవాని పేరు ఉండదు.

ఇంతలో ఆ కాగుల క్రింద నిప్పు ఆఱిపోవు దినములు వచ్చినవి. 1868లో జర్మను శాస్త్రజ్ఞులు గ్రేబే, లీబర్మన్ అనువారు, ఆ అలిజరిన్ ద్రవ్యమును వేరుతో పని లేకుండ, తారు నుండి తీసిన పదార్థముతో తయారుచేసిరి. మరుసటి యేట దానికి హక్కు పత్రములు పుట్టినవి. కొలది సంవత్సరములలోనే కర్మాగారపు ఎఱుపు డబ్బాలలో నిండి ఓడలెక్కినది. దినముల తరబడి పట్టు పని గంటలలో తీరినది. ఇసుకలో వేరు త్రవ్వువారికిని, పొడిచేయువారికిని, అద్దువారికిని పని తగ్గినది. క్రొత్త రంగు చెడ్డదని మేము చెప్పము. దాని వలన ఎఱ్ఱచీర పేదవాని ఇంటికిని వచ్చినది. కాని ఒక విద్య అడుగంటినప్పుడు దానితోబాటు ఒక పదజాలము, ఒక కాలగణనము, ఒక చేతి తెలివి గూడ అడుగంటునని మఱువరాదు.

ఆ విద్య పూర్తిగా నశింపకుండ నిలిచినది మన పొరుగున, శ్రీకాళహస్తిలో. 1950ల చివర అఖిల భారత హస్తకళల మండలి వారు, కమలాదేవీ చట్టోపాధ్యాయ పూనికతో, అచ్చట కలంకారీ శిక్షణకేంద్రమును నెలకొల్పిరి. వయసు మళ్లిన పనివారి చేతులలో మిగిలిన విద్య యువకుల చేతులలోనికి వచ్చినది. నేటికిని అచ్చట పటికనీరు, కరక్కాయ, గేదెపాలు వాడుకలో నున్నవి.

ఇచ్చట మన సరిహద్దుల సంగతి తలపునకు రాక మానదు. ఒకప్పుడు కార్వేటినగర సంస్థానములోనిదై, పిమ్మట చిత్తూరు జిల్లాలోనిదైన తిరుత్తణి, 1960వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన మదరాసు రాష్ట్రమున చేరినది. పులికాటు సరస్సు రెండు రాష్ట్రముల నడుమ పంపకమైనది. కాళహస్తి కాగు ఆంధ్రమున నున్నది, పులికాటు కోట తమిళనాట నున్నది. కాని వేరు ఏ పటమును చూచి పెరుగలేదు. ఆ ఎఱుపును త్రవ్వినవారు, అద్దినవారు, నేసినవారు, అమ్మినవారు తెలుగు తమిళములను రెండింటిని మాటలాడినారు. తెలుగులో చెందామర, చెంగల్వ, చెంగావి అనుచోట నున్న "చెం" అను మాటయే తమిళములో "శెం" అయి పలుకును. తిరుత్తణి కొండపైని వెలసిన మురుగనికి పురాతన తమిళ కవులు పెట్టిన పేరు చేయోన్, అనగా ఎఱ్ఱనివాడు. రెండు భాషలును ఒకే వేరు నుండి ఎఱుపెక్కినవని చెప్పుటకు ఇంతకన్న సాక్ష్యమేల?

ఎఱుపు మన జిల్లా నేలకును అతి ప్రాచీనము. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అత్తిరంపాక్కమున ఆదిమానవుని రాతి పనిముట్లను కనుగొనెను. అవి పదునైదు లక్షల యేండ్ల నాటివని 2011లో వెలువడిన పరిశోధన తేల్చినది. ఆ ప్రాంతమంతయు ఇనుపపాలు గల ఎఱ్ఱ మొరపనేల. జేగురు, కావి, సిందూరము, కుంకుమ, లత్తుక, కెంపు, చెంగావి: మన తెలుగున ఎఱుపునకు ఎన్ని పేళ్లు! జేగురు మట్టిది, లత్తుక పురుగుది, కుంకుమ పసుపు సున్నములది, కెంపు రాతిది. ప్రతి పేరు వెనుక ఒక పుట్టుక, ఒక పని, ఒక ఇల్లు.

ఆ పేళ్లే నేడు మన ఇండ్లలో ఒక్కటొక్కటిగా మాయమగుచున్నవి. 2006 నాటి తమిళ విద్యాచట్టము పిమ్మట మన పిల్లలకు బడిలో తమిళము ప్రథమ భాషయైనది. తమిళము మన ఇరుగుపొరుగు భాష, మనకన్నము పెట్టిన భాష. దానిని నేర్చుట మనకు గౌరవమే. కాని తెలుగు ఇంటి భాషగా మాత్రమే మిగిలినప్పుడు, ఇంటిలో పలుకని మాట ఎచ్చటను పలుకబడదు. మేము మన సీమలోని కొన్ని తెలుగు ఇండ్లకు పోయి పిల్లలకు ఒక పాత చీర అంచును చూపి ఇది ఏమి రంగని అడిగితిమి. అందఱును "రెడ్" అనిరి. తల్లులు "ఎఱుపు" అనిరి. ఒక అవ్వ మాత్రము దానిని చేతిలోనికి తీసికొని, వెలుతురునకు త్రిప్పి, "చెంగావి నాయనా, ఉతికిన కొలది బాగుపడు చెంగావి" అనెను. ఆమెయే నిజమైన నిర్ణేత. ఆమె తెరపై బొమ్మను చూచి తీర్పు చెప్పలేదు. గుడ్డను తాకి చెప్పినది.

అంతర్జాలపు ప్రదర్శనమునకు గల మేలును, లోపమును ఇందు వలన తెలిసికొనవచ్చును. తెరపై కనబడు ఎఱుపు రంగు కాదు, వెలుగు. సాధారణముగా యంత్రము ఎఱుపు, పచ్చ, నీలము అను మూడింటిని ఒక్కొక్కదానిని 256 మెట్లుగా విభజించి, వాని కలయికతో సర్వవర్ణములను చూపును. ఒకరి తెరపై కెంపైనది మరియొకరి తెరపై జేగురగును. గుడ్డ ఉతుకునకు ఆగునా, ఎండకు ఆగునా అనునది ఆ తెరకు తెలియదు. అయితే ఆ తెర దూరమును జయించినది, తరగతుల మెట్లను గూడ తొలగింపగలదు. పదునెనిమిదవ తరగతియు, ముప్పదవ తరగతియు అచ్చట ప్రక్కప్రక్కన నిలువగలవు.

కావున మేము మన సంఘమునకు ఒక విన్నపము చేయుచున్నాము. రాబోవు ఏట మనమును అంతర్జాలమున ఒక ప్రదర్శనమును ఏర్పఱుతము. దాని విషయము ఎఱుపు ఒక్కటియే. తిరువళ్లూరు, తిరుత్తణి, పళ్లిపట్టు, పొదటూరుపేట, పొన్నేరి, ఎచ్చటివారైనను పంపవచ్చును. పిల్లల చిత్రము, పెద్దల పెండ్లిచీర, మగ్గము మీది అంచు, ముంగిటి కావిముగ్గు, అన్నియు ఒకే తరగతి. మూడు నియమములు మాత్రము చాలును. మొదటిది, చేసినవారి పేరును ఊరును తప్పక వ్రాయవలెను. తెలియనిచో ఇంటి పెద్దలను అడిగి తెలిసికొనవలెను. రెండవది, ఆ ఎఱుపు పేరును తెలుగులోను తమిళములోను వ్రాయవలెను. మూడవది, ఛాయాచిత్రమును పగటి వెలుతురున, ప్రక్కన తెల్లకాగితము నుంచి తీయవలెను. తుది తీర్పునకు ముందు నిర్ణేతలు వస్తువును చేతితో తాకి చూడవలెను. నిర్ణేతలలో ఒకరు చిత్రకారులు, ఒకరు నేతపనివారు, ఒకరు ఇంటిలోని అవ్వ.

పులికాటులో నేడు గెల్డ్రియా కోట శిథిలమై, డచ్చివారి సమాధులు మాత్రము నిలిచియున్నవి. ఆ రాళ్లపై చనిపోయిన పరదేశీయుల పేళ్లు చక్కగా చెక్కబడి యున్నవి. వారి ఓడలను నింపిన రంగరుల పేళ్లు ఏ రాతిపైనను లేవు. ఆ లోటును మనము పూర్తిగా తీర్పలేము. కాని మన తరమువారి పేళ్లనైనను జాఱవిడువక వ్రాసియుంచుట మన చేతిలోని పని. పటికనీటితో వ్రాసిన గీత కంటికి కనబడదు. కాగులో పడిన పిమ్మట కనబడును. మన పెద్దల పని ఇన్నాళ్లు అట్లే కనబడక యున్నది. దానిని మరిగించి చూపవలసిన కాగు ఇప్పుడు మన ముందున్నది.